గెట్‌కి అర్థం అడిగితే పడు గురించి చెప్పాల్సొచ్చింది

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, తిరుపతిలో మా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి వచ్చే టాక్సీ డ్రైవరు ఒకాయన చిన్న నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన రేణిగుంట విమానాశ్రయం నుంచి కొండ మీదికి బండి తిప్పుతాడు. అమెరికా నుంచీ లండన్ నుంచీ వచ్చే మనవాళ్ళ పిల్లలు వెనక సీట్లో కూర్చుని మాట్లాడుకునేదంతా ఆయన చెవిన పడుతుంటుంది. ఆ వారం విన్న మాటల్లో గెట్ ఉన్నవన్నీ ఏరి, తెలుగు అక్షరాల్లో వరసగా రాసుకొచ్చాడు. డిడ్ యూ గెట్ మై మెసేజ్. ఇట్స్ గెటింగ్ లేట్. హౌ డూ వి గెట్ దేర్. ఐ డోంట్ గెట్ ఇట్. వి గాట్ స్టక్. కెన్ యూ గెట్ మి సమ్ వాటర్. అలా పద్దెనిమిది ఉన్నాయి. ఒక్కోదానికి ఎదురుగా తనకి తెలిసిన అర్థం పెన్సిల్‌తో రాశాడు, కొన్నిచోట్ల కొట్టేసి మళ్ళీ రాశాడు.

చివరి వాక్యం దగ్గర మాత్రం ఆయనకి చాలా బాధ కలిగింది. దిగేటప్పుడు బండిలో వచ్చిన ఒక కుటుంబంలో పెద్దాయన, వి డిడింట్ గెట్ టు సీ ఆకాశగంగ, అన్నాడట. మన డ్రైవరుకి గెట్ అంటే దొరకడం అని తెలుసు కాబట్టి, టికెట్లేవో దొరకలేదని అంటున్నారనుకుని, టికెట్లు ఎక్కడ ఇస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. నిజానికి వాళ్ళు చెప్పింది, కొండ మీది ఆకాశగంగ తీర్థం చూసే వీలు కలగలేదని. "ఆ ముక్క అర్థమయ్యుంటే ఇంగో గంట ఆగి చూపించేసి వచ్చుంటాను కదా మేడమ్, అంత దూరం నుంచి వచ్చినోళ్ళు" అన్నాడు. తర్వాత, ఈ పదం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్నే అడిగాడు: "ఒక మాటకు ఇన్ని అర్థాలుంటే ఎట్ల గుర్తు పెట్టుకునేది?"

గుర్తు పెట్టుకోవద్దు అన్నదే నా జవాబు. బజారులో దొరికే గైడ్లలో గెట్‌కి ముప్పై అర్థాలనీ, నలభై అర్థాలనీ పట్టిక ఉంటుంది, పిల్లలు దాన్ని ఎక్కాల్లా బట్టీ కొడతారు, ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ళు ఆ పట్టికలో లేని గెట్ ఒకటి వాడగానే టెన్షన్ పడిపోతారు. అర్థాల పట్టిక ఒక భాష తెలియనివాళ్ళకి ఆ భాష ఎంత పెద్దదో చూపించి భయపెడుతుందే తప్ప లోపలికి తీసుకెళ్ళదని నా గట్టి నమ్మకం.

అందుకే ఆ రోజు ఆయన్ని ఎదురు ప్రశ్న అడిగాను. పడు అంటే ఏమిటి?

కింద పడటం అన్నాడు వెంటనే. సరే, మరి చీకటి పడింది అంటాం, అది ఎక్కడి నుంచి పడింది? జీతం పడింది అంటాం, అది కింద పడిందా? అలవాటు పడ్డాను, గాయపడ్డాడు, బయటపడ్డాం, కుదుటపడింది, పట్టుబడ్డాడు. ఇవన్నీ మీరు రోజూ అంటారు, ఎప్పుడైనా పట్టిక పెట్టుకుని నేర్చుకున్నారా? ఆయన నవ్వేసి, తర్వాత ఆలోచనలో పడ్డాడు. నేను బోర్డు మీద ఆ మాటల పక్కనే ఇంగ్లీషు రాస్తూ పోయాను. చీకటి పడింది, ఇట్ గాట్ డార్క్. జీతం పడింది, ఐ గాట్ మై శాలరీ. అలవాటు పడ్డాను, ఐ గాట్ యూజ్డ్ టు ఇట్. గాయపడ్డాడు, హీ గాట్ హర్ట్. బయటపడ్డాం, వి గాట్ అవుట్. కుదుటపడింది, షీ గాట్ బెటర్. పట్టుబడ్డాడు, హీ గాట్ కాట్. ఏడు చోట్ల మనం పడు అన్నచోట వాళ్ళు గెట్ అన్నారు. రెండు భాషలకీ చుట్టరికం లేదు, ఒకటి ద్రావిడం, ఒకటి జర్మానిక్. అయినా మనిషికి చెప్పుకోవాల్సిన అవసరం ఒకటే కాబట్టి రెండు చోట్లా ఒక చిన్న క్రియ ఆ బరువంతా నెత్తిన పెట్టుకుంది.

ఆ అవసరం ఏమిటంటే, ముందు లేనిది ఇప్పుడు వచ్చిందని చెప్పడం. గెట్ మొత్తం ఇందులోనే ఉంది. ఇంగ్లీషులో స్థితిని చెప్పే క్రియలు ముఖ్యంగా రెండు, హ్యావ్, బీ. నా దగ్గర ఉంది అనడానికి హ్యావ్, నేను ఇలా ఉన్నాను, ఇక్కడ ఉన్నాను అనడానికి బీ, అంటే మనం వాడే యామ్, ఈజ్, ఆర్. ఇవి రెండూ కదలవు. ఫొటో లాంటివి. లేని స్థితి నుంచి ఆ స్థితిలోకి వచ్చిన కదలికను చెప్పాలంటే రెండింటికీ గెట్టే దిక్కు. ఐ హ్యావ్ ఎ జాబ్ అంటే ఉద్యోగం ఉంది, ఐ గాట్ ఎ జాబ్ అంటే వచ్చింది. ఐ యామ్ వెట్ అంటే తడిసి ఉన్నాను, ఐ గాట్ వెట్ అంటే తడిశాను. ఐ యామ్ ఇన్ చిత్తూర్ అంటే చిత్తూరులో ఉన్నాను, ఐ గాట్ టు చిత్తూర్ అంటే చేరాను.

కాబట్టి కొత్త గెట్ ఎదురైనప్పుడు ఒక్కటే పని చేయండి. ఆ పని జరిగిపోయాక ఏం మిగిలిందో చూడండి. గెట్ అప్ అయ్యాక నేను అప్, అంటే లేచి ఉన్నాను. గెట్ ఓవర్ ఇట్ అయ్యాక నేను ఆ బాధకి అవతలి ఒడ్డున ఉన్నాను, అంటే కోలుకున్నాను. గెట్ అవే విత్ ఇట్ అన్నదాన్ని మా పిల్లలు పదిసార్లు చదివినా మర్చిపోయేవాళ్ళు. తప్పు చేసినవాడు ఆ తప్పుతో సహా దూరంగా వెళ్ళిపోయి ఉన్నాడు, శిక్ష వాడిని అందుకోలేదు, అని బొమ్మ కట్టి చూపించాక ఒక్కరూ మర్చిపోలేదు. నూటికి నూరు గెట్‌లూ ఇలా లొంగుతాయని అనను గానీ, రోజువారీ మాటల్లో చాలావాటికి ఈ తాళంచెవి సరిపోతుంది.

ఈ పదం పుట్టుక చూసినా ఇదే కనబడుతుంది. గెట్ నిజానికి ఇంగ్లండు సొంత మాట కాదు, స్కాండినేవియా నుంచి పడవల్లో వచ్చిన వైకింగులది. 793లో లిండిస్‌ఫార్న్ దీవిలోని మఠాన్ని దోచుకోవడంతో వాళ్ళ దాడుల కాలం మొదలైందని చెబుతారు. తర్వాత తూర్పు, ఉత్తర ఇంగ్లండులో వాళ్ళు కాపురాలే పెట్టారు. వాళ్ళ నార్స్ భాషలో గెటా అంటే చేజిక్కించుకోవడం. ఇరుగుపొరుగు భాషలు కలిసిపోయి 1200 ప్రాంతానికి ఆ మాట ఇంగ్లీషులో స్థిరపడింది. పాత ఇంగ్లీషులో దీని తోబుట్టువు ఉండేది కానీ ఒంటరిగా తిరిగేది కాదు, ముందు ఒక ఉపసర్గ పెట్టుకుని వచ్చేది. ఫర్గెట్ అలా మిగిలినదే. ముందున్న ఫర్ చేజార్చుకోవడాన్ని చెబుతుంది కాబట్టి, మర్చిపోవడం అంటే పట్టు జారడం. పట్టుకోవడం నుంచి అర్థం చేసుకోవడానికి జరగడం కూడా వింతేమీ కాదు. గ్రహించు అన్న మాటలో ఉన్న సంస్కృత ధాతువుకి మొదటి అర్థం పట్టుకోవడమే. మనం అంతు పట్టలేదు అంటాం, వాళ్ళు ఐ డోంట్ గెట్ ఇట్ అంటారు. చేతికి అందనిదే బుర్రకీ అందలేదని రెండు భాషలూ అంటున్నాయి.

ఇలాంటి క్రియ ఇదొక్కటే అనుకోకండి. 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద్దు సెట్‌ది. ఇప్పటి సవరణలో రన్ దాన్ని దాటేసింది, క్రియగా దానికి 645 అర్థాలు తేలాయి, ఆ ఒక్క మాట మీద నిఘంటుకారుడు పీటర్ గిలివర్ తొమ్మిది నెలలు పనిచేశాడు. రోజూ చేతిలో ఆడే చిన్న మాటే ఎక్కువ అరుగుతుంది, ఎక్కువ మలుపులు తిరుగుతుంది.

ఇక మనకి అసలు తడబాటు ఎక్కడ వస్తుందో చెప్తాను, ఎందుకంటే గైడ్లలో ఇది ఉండదు. నాకు జ్వరం వచ్చింది. నాకు ఉత్తరం అందింది. నాకు అర్థమైంది. నాకు సీటు దొరికింది. నాకు కోపం వచ్చింది. ఈ తెలుగు వాక్యాల్లో నేను కర్తని కాదు. జ్వరం వచ్చింది, ఉత్తరం అందింది, నేను కు అనే విభక్తి తగిలించుకుని పక్కన నిలబడ్డాను. వచ్చేవి నా వైపు వస్తాయి, నేను వాటికి చోటు మాత్రమే. ఇంగ్లీషు దీన్ని ఒప్పుకోదు, దానికి ముందు మనిషి కావాలి, ఐ అనాలి. ఆ మనిషిని ముందుకు లాక్కొచ్చే పని గెట్ చేస్తుంది. ఐ గాట్ ఎ ఫీవర్, ఐ గాట్ ఎ లెటర్, ఐ గాట్ ఇట్, ఐ గాట్ ఎ సీట్, ఐ గాట్ యాంగ్రీ. తెలుగులో వచ్చింది, అందింది, అయింది, దొరికింది అని నాలుగు క్రియలు వాడినచోట వాళ్ళకి ఒక్కటే సరిపోయింది. మా క్లాసులో ఇప్పుడు దీన్ని నాకు-వాక్యం అంటాం. నోట్లో నాకు అని మొదలైన వాక్యం ఇంగ్లీషులోకి వెళ్ళాలంటే ముందు గెట్ పెట్టి చూడండి, చాలాసార్లు కుదురుతుంది. ఇష్టం, తెలుసు, కావాలి లాంటి వాటికి కుదరదు, వాటికి లైక్, నో, వాంట్ అని వేరే క్రియలు ఉన్నాయి.

ఇక్కడే మన దగ్గర ఒక అలవాటు పాతుకుపోయింది. నాకు అర్థం కావడం లేదు అనేదాన్ని ఐ యామ్ నాట్ గెటింగ్ యూ అంటాం. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, నేను తప్పని కొట్టేయను, కానీ బయటి దేశం వాళ్ళతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగానికి వెళ్తున్నవాళ్ళు ఐ డోంట్ గెట్ ఇట్ అనో, ఐ డోంట్ ఫాలో అనో అలవాటు చేసుకుంటే మంచిది. అలాగే ఐ యామ్ గెటింగ్ ఫీవర్. జ్వరం వస్తోంది అని మనం వారం నుంచి ఉన్న జ్వరానికీ అంటాం. వాళ్ళకి గెటింగ్ అంటే ఇంకా రాలేదు, వచ్చేట్టుంది అని. మా విద్యార్థిని ఒకమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో విదేశంలో ఉన్న మేనేజరుకి ఇదే మాట చెప్పింది, ఆయన అయితే త్వరగా పని ముగించుకుని వెళ్ళి పడుకో అన్నాడు. అప్పటికి ఆ పిల్లకి మూడు రోజులుగా నూట రెండు ఉంది. ఐ హ్యావ్ ఎ ఫీవర్ అని ఉంటే సెలవు దొరికేది. ఒక్క ఇంగ్ వల్ల ఒక పూట కష్టం.

చేయించుకోవడం సంగతికి వస్తాను. తిరుపతిలో ఈ పాఠం చెప్పడం ఎంత సులువో! కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చినవాణ్ణి చూసి గుండు కొట్టించుకున్నాడు అంటాం. ఆ ఒక్క మాటని విప్పి చూడండి. కొట్టు అన్నది పని. ఇంచు చేరడంతో ఆ పని వేరేవాళ్ళ చేత జరిగింది. కొను చేరడంతో ఫలితం మళ్ళీ తనకే వచ్చింది. మూడు ముక్కలు అతికించి మనం ఒక్క క్రియలో చెప్పేశాం. ఇంగ్లీషుకి ఇంచు లేదు, కొను లేదు. ఆ రెంటి పనీ కలిపి గెట్ చేస్తుంది: హీ గాట్ హిస్ హెడ్ షేవ్డ్. ముందు గాట్, తర్వాత వస్తువు, చివర జరిగిపోయిన పని. ఐ షేవ్డ్ మై హెడ్ అంటే కత్తి నీ చేతిలోనే ఉన్నట్టు వినబడుతుంది. బట్టలు కుట్టించుకున్నాను, బండి బాగుచేయించాను, ఫొటో తీయించుకున్నాను, ఆధార్‌లో అడ్రసు మార్పించుకున్నాను, అన్నీ ఇదే అచ్చు. ఐ గాట్ మై అడ్రస్ చేంజ్డ్.

ఎవరి చేత చేయించామో చెప్పాలంటే ఆ మనిషి తర్వాత టు వస్తుంది. ఐ గాట్ ద మెకానిక్ టు కమ్ ఆన్ సండే. ఇందులో ఒక సన్నని భావం ఉంది, మెకానిక్కుని బతిమాలో, నచ్చజెప్పో రప్పించాను అని. మేడ్ అంటే బలవంతం వినబడుతుంది, హ్యాడ్ అంటే పని అప్పగించినట్టు ఉంటుంది, ఆ రెంటికీ టు అక్కర్లేదు. ఈ తేడా తెలుగులో ఇంచు ఒక్కదానితో రాదు, ఒప్పించి రప్పించాను అని ఇంకో మాట చేర్చుకోవాలి. ఇక్కడ మాత్రం ఇంగ్లీషుదే పైచేయి.

పట్టుబడ్డాడు, హీ గాట్ కాట్ అన్నాం కదా, దాని గురించి రెండు మాటలు. బళ్ళో మనకి కర్మణి వాక్యం, అంటే పాసివ్ వాయిస్, నేర్పేటప్పుడు వాజ్ ఒక్కటే నేర్పారు. షీ వాజ్ మ్యారీడ్ ఇన్ 2015 అంటే ఆ ఏడు పెళ్ళయిందనీ కావచ్చు, ఆ ఏటికే పెళ్ళయి ఉందనీ కావచ్చు. షీ గాట్ మ్యారీడ్ అంటే ఆ గందరగోళం ఉండదు, పెళ్ళి అనే ఘటన అప్పుడే జరిగింది. అందుకే మాటల్లో దెబ్బలు, జరిమానాలు, పెళ్ళిళ్ళు, చిక్కుకుపోవడాలు గెట్‌తో వస్తాయి. తెలుగులోనూ చూడండి, బోర్డుల మీద రాసే ఇవ్వబడును, అమ్మబడును అన్నవి మన నోట ఎప్పుడూ రావు, కానీ వాటిలో ఉన్న బడు మన పడే. అదే పడు పట్టుబడ్డాడు, దెబ్బతిని వెనకబడ్డాడు అన్నప్పుడు ఎంత హాయిగా పలుకుతుందో!

బస్సులూ కార్లూ చప్పున తేల్చేస్తాను. కారు, ఆటో అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. బస్సు, రైలు, విమానం అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ఆన్, వంగి దూరాల్సివస్తే ఇన్ అనుకుంటే చాలు. అలిపిరి దగ్గర గెట్ డౌన్ అనడం మన ఇంగ్లీషు, మనకి దిగు అన్న మాట అంత బలమైంది, చిత్తూరు బస్టాండులోనూ అదే వినబడుతుంది. మన ఊళ్ళో అది నడుస్తుంది.

నడవనిచోట జాగ్రత్త పడాల్సింది హ్యావ్ గాట్ దగ్గర. ఐ హ్యావ్ గాట్ ఎ హౌస్ అంటే రూపంలో సంపాదించాను అని, అర్థంలో ఉంది అని. సంపాదించినది దగ్గర ఉంటుంది కాబట్టి ఆ అర్థం ఈ అర్థంలోకి జారిపోయింది. అమెరికా వాళ్ళు ఇక్కడ చక్కగా రెండు విడదీసుకున్నారు, ఉంది అనడానికి గాట్, వచ్చింది అనడానికి గాటెన్. ఐ హ్యావ్ గాటెన్ ఎ లెటర్ అని అమెరికన్ అంటే అది కొత్తగా పుట్టించిన వికారం కాదు, ఇంగ్లండులో ఒకప్పుడు వాడినదే, వాళ్ళు వదిలేశారు, వీళ్ళు ఉంచుకున్నారు. ఫర్గాటెన్‌లో ఇంగ్లండు వాళ్ళూ ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నారు.

ఇప్పుడు ఆకాశగంగ. వి గాట్ టు సీ ఇట్ అంటే చూసే అవకాశం కలిగింది. వి హ్యావ్ గాట్ టు సీ ఇట్ అంటే చూసి తీరాలి. రాతలో మధ్యలో ఒక హ్యావ్ తేడా, మాటలో ఆ హ్యావ్ వి పక్కన ఒక చిన్న ఊపిరిగా మిగిలి వీవ్ గాట్ టు అవుతుంది, ఇంకా తొందరలో అదీ పోయి గాటా ఒక్కటే వినబడుతుంది. అప్పుడు మాటల సందర్భమే చెప్పాలి, జరిగిపోయిన దాని గురించా, జరగాల్సిన దాని గురించా అని. మనకి ఇది కొత్తేమీ కాదు. దర్శనం చేసుకున్నాం అనడానికీ, దర్శనం దొరికింది అనడానికీ తేడా ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. గంటలకొద్దీ క్యూలో నిలబడ్డవాళ్ళు మహాద్వారం దాటి బయటికొచ్చాక ఇంటికి ఫోన్ చేసి దర్శనం దొరికింది అంటారు, గొంతులో ఆ మాట ఎలా పలుకుతుందో విన్నారా? గాట్ టు సీ అంటే అచ్చంగా ఆ దొరకడమే. వి సా హిమ్ కాదు, వి గాట్ టు సీ హిమ్. నా చేతిలో లేనిది నాకు దక్కింది అన్న భావం ఆ చిన్న గాట్‌లో ఉంది. డ్రైవరు నోటుబుక్కులో ఆ వాక్యం ఎదురుగా, చూసే భాగ్యం దొరకలేదు, అని తనే రాసుకున్నాడు. నేను చెప్పినదానికన్నా అది మంచి అనువాదం.

రాసేటప్పుడు గెట్ వాడొద్దని కొందరు టీచర్లు అంటారు. దరఖాస్తులో, ఆఫీసు మెయిల్లో ఆ సలహా సగం నిజం. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి వైపు నుంచి రిసీవ్, ఆబ్టెయిన్, పర్చేజ్, అరైవ్ లాంటి మాటలు వచ్చి పెద్దరికం సంపాదించుకున్నాయి. మనకి దొరికింది ఉండగా సంస్కృతం నుంచి లభించింది, మొదలైంది ఉండగా ప్రారంభమైంది వచ్చినట్టే. కోర్టు కాగితం మీద లభించింది బాగుంటుంది. అలాగని ఇంట్లో తాళంచెవి లభించిందా అని అడగం కదా. స్నేహితుడికి మెసేజ్ పెడుతూ హ్యావ్ యూ ఆబ్టెయిన్డ్ ద కీ అని రాసిన కుర్రాడికి నేను ఇదే చెప్పాను, వెంటనే చెరిపేసి గాట్ పెట్టుకున్నాడు.

పడుకీ గెట్‌కీ ఎక్కడ తెగుతుందో కూడా ఆ రోజే చూశాం. నాకు నీళ్ళు తెచ్చిపెట్టు అన్నచోట, గెట్ మి సమ్ వాటర్ అన్నచోట పడు రాదు, మన పడు తనంతట తాను జరిగేదే చెబుతుంది, ఒకరు పూనుకుని తెచ్చేది దానికి చేతకాదు. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "వంకాయ నాకు పడదు మేడమ్, దీనికి గెట్ వస్తుందా?" అంది. రాదు. వంకాయ డజంట్ అగ్రీ విత్ మి అనాలి. ఆ అమ్మాయి ఊరుకోకుండా, "మా పెద్దమ్మకూ మా అమ్మకూ పడదు, అది?" అని అడిగింది. అప్పుడు మళ్ళీ గెట్టే వచ్చింది, దే డోంట్ గెట్ అలాంగ్. డ్రైవరు ఆ రెండు వాక్యాలూ నోటుబుక్కులో పంతొమ్మిదీ, ఇరవై అని నంబర్లు వేసి రాసుకున్నాడు.